దిష్టిబొమ్మ మీది ఖాకీ చొక్కా

ఆ రోజు పొద్దున వెంకటప్పయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్రైవరు పనికని భార్య పిలిపించిన బావమరిది మర్నాడు పొద్దుటి బస్సు దిగేలోగా ట్రాక్టరుకు వేరే డ్రైవరును కుదుర్చుకోవాలి. అంతే. ఇంత చిన్న పనిలో ఇంత పెద్ద తప్పు ఎలా పట్టిందో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు.

బావమరిది వెంకటనారాయణకు ఐ.టి.ఐ. సర్టిఫికెట్టుంది, డ్రైవింగ్ లైసెన్సుంది, రెంటినీ దాచుకోవడానికి ప్లాస్టిక్ కవరుంది. లేనిదల్లా డ్రైవింగే. పోయిన కార్తీకంలో చుట్టపుచూపుగా వచ్చి, సరదాగా ట్రాక్టరెక్కి, గోడలోంచి గొడ్లచావిట్లోకి వెళ్లాడు. పాపం, ఆ చావిట్లో గేదె ఈనాటికీ ఇంజను చప్పుడు వినబడితే పాలు ఎగచేపుతుంది.

"అయితే ఏంటండీ? కాగితమున్నోడు కాగితమున్నోడే," అనేది భార్య ప్రమీలారాణి. "రేపు పోలీసోడు ఆపితే ఏం చూపిస్తారు, చేతులు చూపిస్తారా?"

వెంకటప్పయ్య నమ్మింది చేతులనే. సత్తుపల్లి షెడ్డు దగ్గర సలీం అనే కుర్రాడు లోడు లారీని ఇరుకు సందులోంచి వెనక్కి తేవడం ఆయన కళ్లారా చూశాడు. నోట్లో బీడీ బూడిద కూడా రాలలేదు.

"ఏం చదివినవయ్యా?" అని ఆ పొద్దునే వెళ్లి అడిగాడు.

"బడి గోడ ఎక్కిన పటేలా, లోపలికి దిగలే. గేర్లు మాత్రం నేను చెప్పినట్టు ఇంటయ్. జల్దీ చెప్పున్రి, ఏం నడపాలె?"

గొప్పలకు తక్కువేం లేదు గానీ వెంకటప్పయ్యకు ప్రాణం లేచొచ్చింది. "రేపు తెల్లవారుతుండగానే రా. తాళం కొట్టం చూరులో ఉంటది. అడవి పక్కన, దిష్టిబొమ్మకు ఖాకీ చొక్కా తొడిగిన చేనుంది. అది దున్ని పెట్టు. సాళ్లు సూటిగా ఉంటే ఉద్యోగం నీదే," అన్నాడు.

వాళ్ల ఊరు పెనుబల్లికి ఆవల, అడవి అంచున ఉంది. అడవిపందులు దిష్టిబొమ్మ మొహం చూసి బెదరవు, మగమనిషి చెమట వాసనకు బెదురుతాయని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే బొమ్మకు ఉతకని చొక్కా తొడుగుతారు. వెంకటప్పయ్య ఖాకీ చొక్కా ఎన్నో ఏళ్లుగా నీళ్ల మొహం ఎరగదు. దాని వాసనకు పందులేం ఖర్మ, పక్కింటి కుక్క కూడా తప్పుకుని పోయేది.

అయితే ఆ సాయంత్రమే పక్కచేను బుల్లెమ్మ వచ్చి ప్రమీలారాణి దగ్గర కంటతడి పెట్టుకుంది. ఆమెకు భర్త పోయాడు, ఇంట్లో మగదిక్కు లేదు. పల్లీ పంట చేతికొచ్చింది గానీ నేల బిగుసుకుపోయి మొక్క పీకితే రావడం లేదు. కూలోళ్లంతా మిరప ఏరడానికి పోయారు. దానికి తోడు పందులు. "వదినా, అన్నయ్యది ఒక విడిచిన చొక్కా ఉంటే ఇయ్యి. నా ఇంట్లో ఆ వాసన యాడ దొరుకుద్ది?" అంది.

ప్రమీలారాణి మనసు కరిగింది. తమ చేను ఖాళీగానే ఉంది కదా అని, బొమ్మ మీది ఖాకీ చొక్కా తీయించి ఇచ్చేసింది. చీకటి పడేలోగా అది బుల్లెమ్మ చేలో బొమ్మకెక్కింది. ఆ చొక్కాతో మొగుడికి ఎంత పనుందో ఆమెకేం తెలుసు? ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు.

తెల్లవారింది. వేపపుల్ల నములుతూ వెంకటప్పయ్య చెవి ఒగ్గి విన్నాడు. దూరాన ట్రాక్టరు ఒక్కసారి కూడా దగ్గకుండా సాగిపోతోంది. వీడు దొరికాడు, ఇక నా దిగులు తీరింది అనుకున్నాడు.

"ఆ చప్పుడు మన ట్రాక్టరుదేనా?" అంది ప్రమీలారాణి కాఫీ ఇస్తూ.

"ఎవరిదో," అన్నాడు. అది మొదటి అబద్ధం. అప్పుడే బుల్లెమ్మ కేక ఊరంతా వినబడింది.

పరుగున వెళ్లేసరికి చేలో జనం పోగయ్యారు. బుల్లెమ్మ పల్లీ చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దున్నేసి ఉంది. సలీం ఇంజన్ల మనిషి, పైర్ల మనిషి కాదు. పండి ఆకు రాలిన మొక్కల్ని గడ్డి అనుకున్నాడు. వెంకటప్పయ్య మాత్రం ముందుగా చూసింది సాళ్లనే. దారం పట్టి గీసినట్టున్నాయి. అబ్బ, ఏం చెయ్యి!

"నా పంట పాయె! ఎవడు పంపిండ్రా నిన్ను?" బుల్లెమ్మ సలీం కాలరు పట్టుకుంది.

సలీం వెంకటప్పయ్య వైపు చూశాడు. ఊరంతా అటే చూసింది. సరిగ్గా ఆ వేళకు బస్సు దిగిన వెంకటనారాయణ, కవరు చంకన పెట్టుకుని అక్కగారితో సహా గట్టు మీదికొచ్చాడు. "లైసెన్సుందా వీడికి?" అన్నాడు.

ఆ ఒక్క నిమిషం నిలబడి ఉంటే బాగుండేది. వెంకటప్పయ్య నిలబడలేకపోయాడు. నష్టం కట్టాలన్న భయం కొంత, భార్య ముందు చిన్నబోతానన్న భయం ఎంతో. "వీడెవడో నాకు తెలియదు. నేను పంపలేదు. కొట్టంలోంచి బండి ఎత్తుకొచ్చినట్టున్నాడు," అన్నాడు.

నలుగురు సలీంను పట్టి దిష్టిబొమ్మ కింద కూలదోశారు. పోలీసుల్ని పిలవాలన్నారు ఒకరు, చెట్టుకు కట్టెయ్యాలన్నారు ఇంకొకరు.

ఈ గోలలో, మిరప చేలకు పోతూ ఆగిన ముసలి కూలీ ముత్తక్క వంగి ఒక మొక్క తీసి దులిపింది. వేళ్లకు గుత్తులుగా కాయలు. ఇంకోటి తీసింది. అదీ అంతే.

"ఓ బుల్లెమ్మా, లొల్లి ఆపు! పంట యాడ పోయింది? పైకొచ్చింది. ఒక్క కాయ తెగలే. గిట్ల లేపమనే గదా నువ్వు మా కాళ్లు పట్టుకుంటివి? ఇగ పిల్లలొచ్చి ఏరుకుపోయినా సరిపోతది."

బుల్లెమ్మ చేలో కూలబడి, గుప్పెడు కాయలు కళ్లకద్దుకుని, ఏడ్చిన నోటితోనే నవ్వింది. "ఎవరు పంపిండ్రు నాయనా నిన్ను, దేవుడా?"

వెంకటప్పయ్య ఒక అడుగు ముందుకేశాడు. "అదే... నేనే బుల్లెమ్మా, నీ అవస్థ చూడలేక..."

"ఇప్పుడేగా అన్నయ్యా, ఎవడో తెలియదన్నావు?"

సలీం లేచి ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకున్నాడు. "పటేల్ నిజమే చెప్పిండమ్మా. ఆయనకు నేనెవరో తెల్వదు."

పిడికెడు మట్టి మొహాన కొట్టినా వెంకటప్పయ్య అంత బాధపడేవాడు కాదు.

సలీం బుల్లెమ్మ దగ్గరే పనికి కుదిరాడు. ఆ వేసవిలోనే ఆమె అప్పోసప్పో చేసి ట్రాక్టరు కొన్నది. రోజూ పొద్దున గట్టు అవతల నుంచి ఆ దగ్గని చప్పుడు వినబడుతుంటే వెంకటప్పయ్యకు కాఫీ సహించేది కాదు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట 'నేనే పంపాను' అని ఉంటే ఆ చప్పుడు తన చేలో ఉండేది.

తొలకరి పడ్డాక వెంకటనారాయణ ట్రాక్టరును ఇరుసుల దాకా బురదలో దింపాడు. బుల్లెమ్మ బండి వేసుకుని సలీం వచ్చాడు. గొలుసు చేతిలో పట్టుకుని, నలుగురూ వినేలా అడిగాడు.

"పటేలా, నేనెవరో ఎరుకేనా?"

"ఎరుకే నాయనా," అన్నాడు వెంకటప్పయ్య మోకాలి లోతు బురదలోంచి. "నేనే నిన్ను పంపిన. ఆనాడు నేనే పంపిన."

సలీం గొలుసు తగిలించి ఒక్క ఊపులో బండిని గట్టెక్కించాడు. వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

వెంకటనారాయణ ఒళ్లంతా బురదైంది గానీ, కవరులో లైసెన్సు మీద ఒక్క చుక్క కూడా పడలేదు.