గరిడేపల్లిలో పార్టు సపోర్టు

"ఇకమీదట ప్రభుత్వం మీ దగ్గరికి ఆకాశంలోంచి దిగి వస్తుంది" అని స్పెషలాఫీసరు వేంకటరత్నం గారు సూర్యాపేట సభలో ప్రకటించారు. నిజాం పాలన పోయి ఇంకా ఏడాది కాలేదు. మమ్మల్ని బాగుచేయడానికి బెజవాడ నుంచి వచ్చిన మహానుభావుడాయన. యుద్ధంలో వాడేసిన రెండు సీట్ల విమానాన్ని స్వయంగా బేరమాడి తెచ్చారు. పాతదైతేనేం, ఎంత ముసలి విమానానికైనా పార్టు సపోర్టు, అంటే పాడైన పార్టుకు బదులు కొత్త పార్టు, ఇస్తామని తయారుచేసిన ఇంగ్లండు కంపెనీ హామీ ఇచ్చిందట. ఆ ముక్క ఆయన ఇంగ్లీషులో చెప్పారు, మేం తెలుగులో చప్పట్లు కొట్టాం. పత్రికకు రాసేవాణ్ణి కనుక నేను కాస్త గట్టిగా కొట్టాను.

మొదటి టూరు కోదాడకు. గరిడేపల్లి మీదికి రాగానే ఇంజను మౌనం వహించింది. పైలట్ ఎలాగో ఉప్పలయ్య అనే రైతు పొలంలో దింపాడు. ఉప్పలయ్య అప్పుడే నీళ్లు పెట్టబోతున్నాడు.

"పంటల ఇన్‌స్పెక్షన్‌కు దిగాను" అన్నారు వేంకటరత్నం గారు, బట్టలు దులుపుకుంటూ.

"ఇంకా నాటే పడలేదు సారూ."

"అదే కనిపెట్టాను."

పోయింది మాగ్నెటో, అంటే ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే సామాను.

"జర ఎడ్లను కట్టి పక్క బీడు భూమిలకు గుంజుత సారూ. నారు ముదురుతున్నది" అన్నాడు ఉప్పలయ్య. అతనికున్నది ఆ రెండెకరాలే. నాటు తప్పితే ఇంట్లో గింజ ఉండదు.

"బయటివాళ్ల చెయ్యి పడితే సపోర్టు పోతుందయ్యా. ఎడ్ల సంగతి వాళ్ల రూల్సులో లేదు. పార్టు రాగానే లేచిపోతుంది."

కంపెనీ మాట తప్పలేదు. మాగ్నెటోల తయారీ మానేశాం, తక్కినవన్నీ పుష్కలంగా ఉన్నాయంటూ ఎయిర్ మెయిల్లో సీటు మెత్త పంపింది. తర్వాత తలుపు గొళ్లెం పంపింది. వేంకటరత్నం గారు రెండూ బిగించి, లోపల కూర్చుని, సంతృప్తి వెలిబుచ్చారు.

నారు ముదిరి పసుపుబారుతుంటే నాకే ప్రాణం ఉసూరుమంది. ఉప్పలయ్య ఇక ఇంట్లో కూర్చోలేక కోదాడ వెళ్లి, వచ్చిన ప్రతి బస్సునూ ఆపి పార్టు వచ్చిందా అని అడగసాగాడు. ఆ రోజుల్లో మా తాలూకాల్లో పార్టీ అంటే ఒక్క కమ్యూనిస్టు పార్టీయే, దాని పేరెత్తితే జైలే. కొత్తగా వచ్చిన పోలీసు జమేదారు చెవిన అతని మాట పడింది.

"ఎవరి కోసం?"

"పార్టు కోసం సారూ. ఇయ్యాల వస్తదంటున్నరు."

"పార్టీయా? సపోర్టు ఎవరిది?"

"సపోర్టుకేం తక్వ లేదు సారూ. మా ఆఫీసరు సారే సెప్పిండు."

ఆ రాత్రి నుంచి ఉప్పలయ్య సూర్యాపేట లాకప్పులో ఉన్నాడు.

అతని భార్య లింగమ్మ స్పెషలాఫీసరు గారి ఆఫీసుకు వచ్చింది. "పార్టన్నడు గని పార్టీ అనలే సారూ. మీరొక్క మాట సెప్తే ఇడుస్తరు."

వేంకటరత్నం గారు నిజంగానే బాధపడ్డారు. "ఎలా చెప్పనమ్మా? విమానం బాగుపడి రోజూ మూడు తాలూకాలూ తిరుగుతోందని హైదరాబాదుకు తెలియజేశాను. ఎగిరే విమానానికి పార్టు కోసం ఎవరైనా ఎదురుచూస్తారా? మీ ఆయన చూసింది పార్టీ కోసమే అయ్యుంటుంది."

లింగమ్మ కొంగు దోపుకుంది. "గట్లయితే మా పొలంల ఇమానం లేనట్టే గద సారూ. రేపు నీళ్లు పెట్టుకుంట."

"లేకపోయినా అది ప్రభుత్వ విమానమమ్మా. తడిస్తే ఊరుకోరు."

ఆ సాయంత్రమే దానికి కాపలాగా ఇద్దరు జవాన్లను గరిడేపల్లి పంపారు. వాళ్ల భోజనం ఏర్పాటు లింగమ్మ ఇంట్లో.