ఏడో తేదీ లేని ఓడ

ఆ పొద్దున ఆరింటికి ఓరిన్ హాల్వర్సన్ బూట్ల లేసులు కట్టుకుంటూ ఒక తప్పు చేయాలని నిశ్చయించుకున్నాడు. డెబ్భై మూడేళ్ళ వయసులో కావాలని చేయబోతున్న మొదటి తప్పు కావడంతో ముడి రెండుసార్లు వేశాడు.

అమెరికాలోని డులూత్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా ఎర్ర పట్టీలు వేసుకునేవాడు. రోడ్డు మీద పురుగు లేకపోయినా ఎర్రదీపం దగ్గర ఆగేవాడు. వాంకూవర్ నుంచి యొకొహామా వెళ్ళే ఆ ఓడలో, నడిచేవాళ్ళ డెక్కు గోడ మీద ఒకే ఒక్క రూలు రాసి ఉంది: సరి తేదీల్లో కుడి చుట్టు, బేసి తేదీల్లో ఎడమ చుట్టు. ఎదురెదురుగా వచ్చి గుద్దుకోకుండా ఉండటానికి పెట్టిన రూలు. ఓరిన్ కొంప ముంచింది అదే.

మొదటి రోజు గాలికి కొట్టుకుంటున్న డెక్కు తలుపును పసుపు టోపీ పెట్టుకున్న ఒకావిడ కోసం ఆయన పట్టుకుని నిలబడ్డాడు. "తలుపు పట్టుకునే మగాళ్ళు ఇంకా మిగిలారన్నమాట! నా పేరు ట్రూడీ" అంది ఆవిడ. ఓరిన్ "ఊఁ" అన్నాడు. ఆ తర్వాత అనాల్సిన మాట, కాఫీ తాగుదామా అన్నది, మధ్యాహ్నానికి గాని నోటికి రాలేదు. అప్పటికి ఆవిడ లేదు. భోజనాల్లో ఆవిడది మొదటి బంతి, ఆయనది రెండోది. ఇక మిగిలింది నడక. ఆవిడ ముందు తలుపు దగ్గర మొదలుపెడుతుంది, ఈయన వెనక తలుపు దగ్గర. ఇద్దరిదీ ఒకటే వేగం, ఒకటే దిక్కు. ఈయన ఈ మలుపు తిరిగేసరికి పసుపు టోపీ ఆ మలుపు తిరిగిపోతుంది. ఎన్ని మైళ్ళు నడిచినా దూరం అంగుళం తగ్గలేదు.

"ఆగి నిలబడు బావా, ఆవిడే చుట్టు తిరిగి వస్తుంది" అన్నాడు ఆ పొద్దున అదే గదిలో ఉంటున్న క్లైడ్. ఓరిన్ భార్యకు తమ్ముడు; ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

"మూడో రోజు ఆగాను. లేసు కట్టుకుంటున్నట్టు పావుగంట వంగే ఉన్నాను. రాలేదు."

"అయితే ఎదురు తిరుగు."

"రూలురా."

"నీ రూలు తగలెయ్య! ఇంకో అయిదు రోజుల్లో ఓడ దిగుతాం. ఆవిడ దారి ఆవిడది."

తలుపు కింద నుంచి తోసిన, ఆ రోజు విశేషాలు అచ్చేసిన ఓడ కాగితం తీసి క్లైడ్ చదివాడు. "చూశావా బావా, రాత్రి తేదీ రేఖ దాటామట, అది దాటితే ఒక రోజు ఎగిరిపోతుందట. నిన్న ఆరు, ఇవాళ ఎనిమిది. ఏడు లేదు. మరి ఏడో తేదీ బీపీ మాత్ర ఏం చెయ్యాలి?"

ఓరిన్‌కు మాత్ర సంగతి వినిపించలేదు. నిన్నా సరి, ఇవాళా సరి. అంటే మళ్ళీ కుడి చుట్టే. కానీ రోజుకోసారి దిక్కు మారడం అలవాటైన కాళ్ళు ఎడమకు తిరిగితే ఎవరు తప్పు పడతారు?

డెక్కు మీదకు వెళ్ళి ఎడమకు తిరిగాడు. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే పాతికమంది. "హాల్వర్సన్ వెళుతున్నాడంటే అదే దారి. ఆయన రూలు తప్పడు" అంటున్నారెవరో. ఎదురుగా ఓడ కాగితం చదివిన పాతికమంది వస్తున్నారు. లైఫ్‌బోట్ల కింద ఇరుకులో రెండు దండ్లూ ఢీకొన్నాయి.

"ఇవాళ ఎనిమిదండీ, వెనక్కి తిరగండి!"

"నిన్న అటు తిరిగాం, ఇవాళ ఇటే. నడవడం మాకు నేర్పుతావా?"

"అయితే నా పుట్టినరోజు ఏదీ?" అని ఒకావిడ గట్టిగా అరిచింది. "ఏడో తేదీ నాది! ఎవడు మింగాడు?"

ఓరిన్ మోచేతులతో దారి చేసుకుని బయటపడ్డాడు. ఎదురు తిరిగాడు కాబట్టి సగం చుట్టులో ట్రూడీ ఎదురుపడాలి. పడలేదు. రెండు చుట్లు అయ్యాయి. జనమే తప్ప పసుపు టోపీ ఎదురురాలేదు. కమ్మీల అవతల సముద్రం వైపు ఒకసారి చూసి, కనిపించిన ఆఫీసరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒకావిడ లేదు. పసుపు టోపీ. రోజూ ఉంటుంది. ఇవాళ లేదు."

ఆరు రోజుల్లో ఆయన మాట్లాడిన అతి పెద్ద ప్రసంగం అది. ఆఫీసరు హడలిపోయి రేడియో అందుకున్నాడు. అవతల నుంచి ఇంకో ఆఫీసరు గొంతు వచ్చింది: "ఇక్కడ కూడా ఒకరు లేరట! మగమనిషి. ప్యాంటుకు ఎర్ర పట్టీలు."

ప్రమాద సూచనగా ఓడ ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వేసింది. ఇంజన్లు ఆగాయి. రెండు వేల మంది మెడల్లో లైఫ్ జాకెట్లు తగిలించుకుని, కొందరు చేతిలో వేయించిన పంది మాంసం ముక్కలతో సహా, తమ తమ చోట్ల వరసకట్టారు. పేర్లు పిలిచారు. తగ్గింది సరిగ్గా ఇద్దరు.

"మా బావ కూత వినపడితే రాకుండా ఉండడు. రాలేదంటే సముద్రంలోనే ఉన్నాడు" అని క్లైడ్ ఏడుపు మొదలుపెట్టాడు.

ఆ సమయానికి ఓరిన్ ఖాళీ డెక్కు మీద, కూత వినగానే వరసలోకి వెళ్ళాలన్న ఇంకో రూలు కూడా తప్పి, ఈసారి కుడి చుట్టులో పరుగెడుతున్నాడు. ఎడమ చుట్టులో పసుపు టోపీ ఎదురుగా పరుగెత్తుకొచ్చింది. ఎనిమిదో నంబరు లైఫ్‌బోటు కింద ఇద్దరూ ఆగారు.

"పడిపోయారనుకున్నా" అంది ట్రూడీ. "మీరు ఎదురుపడతారని ఇవాళ కావాలనే తప్పు దారిన వచ్చాను."

"నేనూ."

"మూడో రోజు పావుగంట ఆగాను కూడా. మీరు రారే!"

"నేనూ ఆగాను" అన్నాడు ఓరిన్. ఆపై, దేవుడి దయవల్ల, నోరు అప్పుడే తెరుచుకుంది. "కాఫీ తాగుదామా?"

"ఊఁ" అంది ఆవిడ.

ఆఫీసరు వచ్చి ఇద్దరినీ నిలబెట్టి రూళ్ళన్నీ మొదటినుంచి చదివి వినిపించాడు. ఓరిన్ ఒక్కటీ వినలేదు. ట్రూడీ ఆయన ఎర్ర పట్టీ ఒకటి జారితే సర్దుతోంది.

మర్నాడు తొమ్మిది, బేసి తేదీ. జనమంతా బుద్ధిగా ఎడమ చుట్టు తిరిగారు. కాఫీ కప్పుల ముందు కూర్చున్న వాళ్ళిద్దరూ మాత్రం ఏ వైపూ నడవలేదు.