రెండు వందల నలభై దీనార్ల పునరాగమన విజయం

శ్రోతలారా, చెవులప్పగించండి. శరత్కాలాన, ప్రతి బాల్కనీలోనూ చలికాలపు పచ్చడికై కాలుతున్న మిరపకాయల ధూమం మేఘమండలాన్ని ముట్టడిస్తున్న వేళ, నిషావా నదీతీరవిరాజితమైన నీష్ మహానగరంలో, లిఫ్టు చెడి ఏడాదైన ఐదంతస్తుల భవనంలో, కాఫీమడ్డిలిపిపారంగత, సకలభవనవాసిభవిష్యద్దర్శిని అయిన దెసాంకా అనే వీరవనిత, నాసికాగ్రాన కళ్లద్దాలూ కరకమలాన ఫోనూ ధరించి వంటింటి రణరంగాన నిలిచింది. స్టవ్ మీద కాఫీ పొంగుతోంది.

ఎవరి కప్పు వారు చదువుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. నలభై ఏళ్లుగా ఇరుగుపొరుగు తాగి బోర్లించిన కప్పుల్లోని మడ్డి గీతల్లో పెళ్లిళ్లూ ప్రయాణాలూ చూసి చెప్పిన ఆ విదుషీమణి కప్పును చదివే నాథుడే లేడు. అందుకే మొన్న, లోకం కన్నుగప్పి, రెండు వందల నలభై దీనార్లు పోసి, కప్పు ఫొటో చూసి జాతకం చెప్పే యాప్ ఒకటి కొన్నది. "మూడు రోజుల్లో సముద్రం ఆవలి నుండి ధనం వచ్చును" అని పలికిందది. మూడో రోజు మధ్యాహ్నమైనా చిల్లిగవ్వ రాలేదు. ఇక ఈ కొనుగోలు సంగతి బయటపడితే ఆమె ముందు కప్పు బోర్లించేవారే ఉండరు.

వాపసు మీట నొక్కింది. "వాడిన యాప్‌కు వాపసు లేదు" అన్న ప్రత్యుత్తరశరం రెప్పపాటులో వచ్చి తగిలింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే శరం. అంతట ఆమె ప్రళయకాలరుద్రాణియై, చూపుడువేలే గదాదండంగా, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ ఇలా గర్జించింది:

"బాబూ, మూడు రోజుల్లో డబ్బొస్తుందని నీ యాప్ చెప్పింది. రాలేదు. అది చెప్పిన డబ్బన్నా పంపు, నా డబ్బన్నా పంపు. ఏదో ఒకటి ఇవాళే తేల్చు."

అంతలో పై అంతస్తు రాద్మిలా, మిరపకాయల మసి చేతులతోనే కాఫీకి దిగింది. ఇద్దరూ తాగారు, అలవాటు కొద్దీ ఇద్దరూ కప్పులు బోర్లించారు. బల్ల మీది ఫోను మోగింది. దెసాంకా చెయ్యి చాచేలోపే రాద్మిలా చదివేసింది.

"రెండు వందల నలభై దీనార్లు వెనక్కి వేశారంటక్కా. కాఫీ జాతకం యాప్‌వి. మాల్టా దీవి నుంచి."

"దాని జోస్యం ఒట్టి బూటకం. అందుకే ముక్కుపిండి వసూలు చేశాను."

"ఏం చెప్పిందేంటి?"

చెప్పక తప్పలేదు. రాద్మిలా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది.

"మూడో రోజు. సముద్రం అవతల. డబ్బు. ఇంకెక్కడ తప్పిందక్కా అది?"

నలభై సంవత్సరాల కీర్తిప్రాకారం ఒక్క పెట్టున కూలింది. దెసాంకాకు తలెత్తలేనంత సిగ్గేసింది.

"మీ అందరివీ నేను చూస్తాను. నాదెవరు చూస్తారే?" అన్నది చివరికి, సన్నని గొంతుతో.

రాద్మిలా తన కప్పు ఆమె వైపు నెట్టి, ఆమె కప్పు తన వైపు లాక్కుని, వెలుతురులోకి ఎత్తి ఒంటికన్నుతో పరికించింది.

"చేప. కాదు, బూటు. నాకు చేతకాదు గానీ, బూటే అనుకో. ఎవరో మెట్లు దిగి నీ కోసం వస్తున్నారు."

"ఎప్పుడు?"

"రేపు పదింటికి. నేనే."

ఈ విధంగా, సముద్రాంతరవాసియైన శత్రువును చూపుడువేలితో మట్టికరిపించి, శత్రువు మాటనే నిజం చేసి, భవిష్యద్దర్శిని దెసాంకా రెండు వందల నలభై దీనార్లనూ ఒక బూటునూ గెలుచుకున్నది.