అరగంట ఛార్జింగ్

ఆదివారం పొద్దున్నే ప్రూఫ్‌రీడరు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. షెడ్డులో ఉన్న హైబ్రిడ్ కారు ఉంటుందో పోతుందో ఆ పూటే తేలిపోతుంది. ఆయనదీ, లెక్కల ట్యూషన్లు చెప్పే భార్యదీ ఇంటి నుంచే పని కాబట్టి కారు కదిలేదే తక్కువ. వాళ్ళ కవల పిల్లలు ఇంట్లోనే డ్రమ్స్ నేర్చుకుంటున్నారు.

"కదలని కారు మనకెందుకండీ? మా బాబాయి అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం," అంది భార్య వారం క్రితం.

"కదలకపోతేనేం? రోజూ పొద్దున్నే అరగంట ఆన్ చేసి ఛార్జింగ్ పెడుతున్నానుగా!"

"సరే, ఆదివారం దాంట్లోనే బాబాయి ఇంటికి వెళ్దాం. కదిలిందా, మనదే. మొరాయించిందా, తాళం ఆయన చేతిలో పెట్టేస్తాను."

తలుపేసుకుంటే డ్రమ్ము వినపడని గది ఆయనకు ఈ లోకంలో ఆ కారొక్కటే. రోజూ అరగంట సీటు వాల్చుకుని, పాటలు పెట్టుకుని, కళ్ళు మూసుకునే చోటది. అది కాస్తా పోతే పిచ్చెక్కిపోతుందని నిజంగానే భయపడ్డాడు. అందుకే ఆ వారమంతా అరగంటను గంట చేశాడు. బాగా ఛార్జింగ్ ఎక్కాలని లైట్లు కూడా వేసి ఉంచాడు.

తీరా ఇవాళ రిమోట్ నొక్కితే కారు కిక్కురుమనలేదు. రిమోట్‌లో ఉండే చిన్న తాళంచెవితో తలుపు తీసి బటన్ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏమండీ, తెమిలారా? నా కళ్ళజోడు చూశారా?" పైనుంచి భార్య కేకేసింది.

"లేదు! కారు అద్దాలు తుడుస్తున్నా!"

అటునుంచి అటే ఎదురింటికి పరిగెత్తాడు. ఎదురింటాయన్ని వీధిలో అందరూ 'హడావిడి' అంటారు.

"అన్నా, మా ఆవిడకి తెలీకుండా నీ కారోసారి ఇలా తీసుకురా. దాంతో మాది స్టార్ట్ చేద్దాం."

"ఎంత పని, తమ్ముడూ!" అంటూ హడావిడి హారన్ కొట్టుకుంటూ వచ్చి, కారును సందుకు అడ్డంగా పెట్టాడు. ఇంజన్ ఆపి, లైట్లు ఆర్పడం మరిచి, రెండు బ్యాటరీలనూ కలిపే కేబుళ్ళ కోసం తన ఇల్లంతా గాలించాడు. కేబుళ్ళు దొరకలేదు. తిరిగొచ్చేసరికి అసలే పాతదైన ఆయన బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. ఈలోగా చెత్త లారీ వచ్చి ఆగింది. దాని వెనక వ్యాను, వ్యాను వెనక వీధిలోని బళ్ళన్నీ ఆగి ఒక్కటే మోత.

భార్య బాల్కనీలోకి వచ్చింది. "అద్దాలు తుడవడానికి ఇంతమందా?"

ఆమె ఫోను తీసింది. "బాబాయ్, నువ్వే రా. కేబుళ్ళు పట్టుకుని రా. కారు తీసుకెళ్దువుగాని."

బాబాయి తన కారులో సందు అవతలి చివర నుంచి వచ్చి, ముందు హడావిడి కారును బతికించి లారీని సాగనంపాడు. తర్వాత హైబ్రిడ్‌కు కేబుళ్ళు తగిలించి, బ్రేకు తొక్కి బటన్ నొక్కాడు. వెంటనే పచ్చ దీపం వెలిగింది.

"అల్లుడూ, నువ్వెలా ఆన్ చేస్తున్నావ్?"

"బటన్ నొక్కి."

"బ్రేకు తొక్కకుండానా?"

"ఆగున్న కారుకి బ్రేకెందుకు, మావయ్యగారూ?"

"ఓరి నాయనో! బ్రేకు తొక్కకపోతే పాటలూ లైట్లే తప్ప కారు అసలు ఆన్ కాదు. నువ్వు ఛార్జింగ్ పెట్టలేదు, ఉన్నదంతా పిండేశావ్!"

ప్రూఫ్‌రీడరు తాళం ఆయన చేతిలో పెట్టేశాడు. ఏడుపొక్కటే తక్కువ.

కాగితాల కోసం బాబాయి డాష్‌బోర్డు అర తెరిచాడు. సగం చదివిన నవల, దాని మీద కళ్ళజోడు ఒకటి బయటపడ్డాయి.

"ఇది నీది కాదుటే?"

భార్య ముఖం ఎర్రబడింది. "ఈయన నిజంగా ఛార్జింగ్ పెడుతున్నారో లేదో చూద్దామని సోమవారం సాయంత్రం షెడ్డులోకి దిగాను బాబాయ్. ఊరికే తలుపేసుకున్నాను. డ్రమ్ము వినపడలేదు..."

"అప్పట్నుంచీ?"

"రోజూ. లోపలి లైటు వేసుకుని." అని చటుక్కున బాబాయి చేతిలోని తాళం లాక్కుంది. "కారు ఇవ్వం, బాబాయ్. ఏమనుకోకు!"

"మీ ఇష్టం తల్లీ. కానీ వారానికోసారైనా రోడ్డు మీద తిప్పండి."

"నేను తిప్పుతా!" అన్నారు మొగుడూ పెళ్ళాలు ఒక్కసారే.

ఇప్పుడు కారు షెడ్డులో నిలిస్తే ఒట్టు. చోటు ఖాళీగా ఉందని కవలలు డ్రమ్స్ అక్కడికి దించుకున్నారు. ఇల్లంతా చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. వినడానికే ఎవరూ ఉండటం లేదు.