గరిటె ఉన్నవాళ్ళదే మాట

సబ్బుల ఫ్యాక్టరీలో ఆ సూపర్‌వైజర్ని అందరూ సైరన్ అనేవారు. అసలు సైరన్ చెడిపోయిన రోజున ఈయన గేటు దగ్గర నిలబడి "షిఫ్టు అయిపోయింది!" అని అరిస్తే, పక్క ఫ్యాక్టరీవాళ్ళు కూడా ఇళ్ళకి వెళ్ళిపోయారట.

ఆ నోటి ధాటికి ఇద్దరు పనివాళ్ళు మానేశారు. మూడోవాడు మానేసేలోపు మేనేజరు ఆయన్ని సూపర్‌వైజర్ల శిక్షణకి పంపాడు.

అక్కడి మేడమ్ నేర్పినవి మూడే ముక్కలు. మీటింగులో ఒక బంతి చేతులు మారుతుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్ళని ముందు అడగాలి. జవాబు చెప్పేముందు, అవతలివాళ్ళు అన్నది మన మాటల్లో ఒకసారి తిరిగి చెప్పాలి.

ఇవి ఫ్యాక్టరీకి పనికొస్తాయో లేదో సైరన్‌కి తెలియలేదు. ఇంట్లో కిటికీకి మాత్రం పనికొస్తాయనిపించింది.

ముందుగదిలో వీధివైపు ఉన్నది ఒకటే కిటికీ. దాని దగ్గర ఆయన పడక్కుర్చీ. ఆ చోటు తన కుట్టుమిషనుకి కావాలని భార్య ఏడాదిగా పోరుతోంది. వెనకగదిలో వెలుతురు లేక సూదిలో దారం ఎక్కడంలేదు. సైరన్‌కేమో సాయంత్రం వీధి చూడకపోతే తిన్నది అరగదు.

ఆయన వేసిన ఎత్తు తేలికే. ఇంట్లో ఉన్నది ముగ్గురు. తక్కువ మాట్లాడేది తల్లి. ఏనాడూ కొడుకు మాటకి ఎదురు చెప్పలేదు. ముందు ఆవిణ్ణి అడిగితే పని అయిపోయినట్టే.

"కిటికీ గురించి మీటింగు!" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

"పొయ్యి మీద కూర ఉంది," అంది భార్య.

"కూరకి ఓటు లేదు. చేతిలో వస్తువు ఉన్నవాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు నోరు మెదపకూడదు."

"ఏ వస్తువండీ?"

"ఏదైనా సరే."

"అయితే ఇదుగో," అని గరిటె పైకెత్తింది. "నా చేతిలోనే ఉంది. ఇక మీరు ఆపండి."

సైరన్ నోరు తెరిచాడు. ఆవిడ గరిటె ఊపింది. చొక్కా మీద కూర చుక్క పడింది. నోరు మూశాడు. ఆ నోరు అంత తేలిగ్గా మూతపడటం పెళ్ళయ్యాక ఆవిడ చూడటం అదే మొదలు.

"ఎవర్ని ముందు అడగాలి?"

సైరన్ వేలితో తల్లిని చూపించాడు.

భార్య ముందుగదిలోకి వచ్చింది. గోడవార పీట మీద కూర్చున్న ముసలావిడ చేతికి గరిటె వెళ్ళింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కిటికీ సంగతి నిజంగా నన్నే అడుగుతున్నారా?"

కోడలు తలూపింది. కొడుకు మరీ గట్టిగా ఊపాడు.

"అయితే చెప్తా. నేను కాపురానికొచ్చినప్పుడు ఆ కిటికీ దగ్గర మీ నాన్న కూర్చునేవాడు. ఆయన పోయాక నువ్వు కూర్చున్నావు. వీధిలో ఏం జరిగినా మీరు చెప్తే వినడమే గానీ నేను చూసింది లేదు. చెప్పడమైనా సరిగ్గా చెప్పి చచ్చారా? ఎదురింటావిడ మొగుడితో పోట్లాడి పెట్టె పట్టుకుని వెళ్ళిపోయిందన్నావు. ఎందుకురా అంటే, ఏమో అన్నావు!"

ఇంతలో మాడువాసన. సైరన్ ముక్కు పట్టుకున్నాడు. వంటింటివైపు చెయ్యి చూపించాడు. గాలిలో పొగ గీశాడు.

"ఏమిట్రా ఆ చిందులు? నీ వంతు వచ్చేదాకా ఆగు."

వాసన భార్యకీ తెలిసింది. కదల్లేదు. ఆవిడకి కూర కంటే ఈ కబురే రుచిగా ఉంది.

"మిషను అక్కడ పెట్టండి. దాని పక్కన నా పీట వెయ్యండి. ఈసారి ఎదురింటావిడ వెళ్తే, ఎందుకో మేం కనుక్కుంటాం," అని ముసలావిడ గరిటె కొడుకు చేతికిచ్చింది.

"కూర..."

"ఉండండి," అంది భార్య. "ముందు అత్తయ్య అన్నది మీ మాటల్లో చెప్పాలి. నిన్న భోజనం చేసినంతసేపూ మీరు చెప్పిన పాఠం అదే కదా?"

సైరన్ పొయ్యివైపు చూస్తూనే అందుకున్నాడు. "అంటే... కుర్చీ గోడవారకి. మిషనూ పీటా కిటికీ దగ్గరికి. అయితే నేననేది..."

"విన్నారా అత్తయ్యా? ఆయన నోటితోనే అనేశారు!" అని ఆవిడ గరిటె లాక్కుని గిన్నె గీకడానికి వెళ్ళిపోయింది.

ఆ పూట ముగ్గురూ మాడిన కూరే తిన్నారు. ఇద్దరు నవ్వుతూ తిన్నారు.

ఆ తర్వాత ఇంట్లో సైరన్ గొంతు లేచినప్పుడల్లా వంటింటి గుమ్మంలోంచి ఒక చెయ్యీ, ఒక గరిటే బయటికొచ్చేవి. మనిషి కనిపించేది కాదు. నోరు మూతపడేది. సాయంత్రాలు గోడవార కూర్చుని, మిషను చప్పుడు మధ్య అత్తాకోడళ్ళు చెప్పే వీధి కబుర్లు వినేవాడు. వాళ్ళు బాగా చెప్పేవాళ్ళు.

తల్లి పోయింది. కొన్నేళ్ళకి భార్యా పోయింది. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు సబ్బుల ధర అడిగి వెళ్ళిపోయారు.

ఇప్పుడు వంట ఆయనే చేసుకుంటాడు. గరిటె ఆయన చేతిలోనే. ఎంతసేపైనా మాట్లాడొచ్చు.

మొన్న పొయ్యి మీద కూర పెట్టి, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుదామని సగం దూరం లాగాడు. మేడమ్ మాట గుర్తొచ్చింది. అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్ళని ముందు అడగాలి.

కిటికీ దగ్గరున్న భార్య మిషను వైపు తిరిగి గరిటె చాచాడు.

"జరపనా?" అన్నాడు. సైరన్ జన్మలో అంత మెల్లగా మాట్లాడలేదు.

కూర మాడేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత కుర్చీని మళ్ళీ గోడవారకే లాక్కున్నాడు.