పత్తిచేలో గొయ్యి

ఆ రోజు హరిచరణ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే జగ్గయ్యపేటలో ఇడ్లీ తిని, బాజీ ఆటోలో గరికపాడు వైపు పోయి, చిన్నబాబు పత్తిచేలో ఒక గొయ్యి తవ్వించి, సాయంత్రానికి గదికి వచ్చి ఒక్కడే అన్నం తినడం. ఒక్కడే తినడం పథకంలో లేదు గాని, ఈ ఊరొచ్చినప్పటి నుంచి అది దానంతటదే జరిగిపోతోంది.

అతని ఉద్యోగం వేళ్ళ మీద. పత్తి వేరు నేలలో ఎటు పాకుతుందో, ఎంత లోతుకు దిగుతుందో అతని కంప్యూటరు ముందుగానే లెక్కగట్టి బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మ నిజమో కాదో తెలియాలంటే తవ్వి చూడాలి. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని అతనికి మహా కోరిక. పాపం, వినే నాథుడు లేడు. మెస్సులో పక్కాయనకి చెప్పడం మొదలుపెడితే, ఆయన పెరుగన్నం కూడా తినకుండా లేచిపోయాడు.

సరే, గొయ్యి తవ్వించాడు. వేళ్ళు తెగకుండా నీళ్ళు చిమ్మి మట్టి కడిగాడు. ఏ వేరు ఎక్కడుందో తర్వాత కొలుచుకోవడానికి లోపలి గోడకి తెల్లదారాలు గళ్ళుగా కట్టాడు. లోతుకొక సంచీ చొప్పున మట్టి నింపి అంకెలు వేశాడు. అడుగున సున్నపురాయి తగిలితే దాన్నీ ఓ సంచీలో వేశాడు. అక్కడే దెబ్బతిన్నాడు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న నేలలో చదువుకున్నవాడు గొయ్యి తవ్వి రాయి మూటగట్టాడంటే పసిపిల్లలకి కూడా ఒకటే అర్థం.

"ఏ ఫ్యాక్టరీ సార్?" అన్నాడు బాజీ, సంచులు ఆటోలో పెడుతూ.

"ఫ్యాక్టరీ ఏంటి? నేను వేళ్ళు చూస్తున్నా."

"అర్థమైంది సార్. నేనెవరికీ చెప్పను," అని బాజీ ఊరంతా చెప్పాడు.

మర్నాడు హరిచరణ్ వెళ్ళేసరికి గొయ్యి చుట్టూ జనం. ఒకాయన గొడుగు పట్టాడు. ఇంకొకాయన తన చేలో కూడా తవ్వమని బతిమాలాడు. "ఇది వేళ్ళ పరిశోధనండి, రాయితో నాకు పన్లేదు," అని హరిచరణ్ మొత్తుకున్నాడు. కాదన్నకొద్దీ వాళ్ళ నమ్మకం గట్టిపడింది. పైవాళ్ళు చెప్పొద్దన్నారు కాబోలని ఒకరికొకరు కళ్ళెగరేసుకున్నారు.

గట్టిగా ఇంకోసారి చెప్పాల్సిందే. కానీ చిన్నబాబు భార్య భారతీదేవి క్యారేజీ విప్పి, గోంగూర పప్పులో నెయ్యి వేస్తూ, "అమ్మగారు కులాసానా బాబూ?" అంది. ఆ ప్రాంతంలో అతన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. చెప్పబోయిన నిజం ముద్దతో పాటు లోపలికి పోయింది.

తర్వాత కొన్నాళ్ళు గదిలో మట్టి జల్లించుకుంటూ ఉండిపోయాడు. ఈలోగా ఊరు ఊరుకోలేదు. ఫ్యాక్టరీ భూమి తీసుకుంటే వట్టి చేనుకి ఒక ధర, చెట్లున్న చేనుకి ఇంకో ధర. మైలవరం నుంచి లారీలో మామిడి మొక్కలు దిగాయి. పత్తి పీకి మామిడి నాటడంలో అందరికన్నా ముందున్నవాడు చిన్నబాబు. హరిచరణ్ తిరిగొచ్చేసరికి గొయ్యి పూడిపోయి, దాని మీద ఒక మామిడి మొక్క నిలబడి ఉంది.

"చిన్నబాబు గారూ, నా వేళ్ళేవండీ?"

"పీకించేశా సార్. రాయికి అడ్డం కదా."

హరిచరణ్ గట్టు మీద కూలబడి నిజంగానే ఏడ్చాడు. జనం మూగారు. రాయి కోసం వచ్చినవాడు పత్తి వేళ్ళ కోసం ఏడవడని అప్పుడు తెలిసింది వాళ్ళకి.

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ," అని ఊరంతా కలిసి అతన్నే కోప్పడి వెళ్ళిపోయింది. భారతీదేవి క్యారేజీ విప్పకుండానే తీసుకుపోయింది. వాళ్ళు ఇంకాసేపు నిలబడి తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

కాసేపటికి చిన్నబాబు ఒక్కడే వెనక్కి వచ్చాడు. "సారూ, ఎలాగూ నాటేశాం. ఈ మామిడి వేళ్ళు ఎంత దూరం పాకుతయ్యి? పక్కచేను ఏసురత్నం గొడవకొస్తాడేమోనని."

హరిచరణ్ కళ్ళు తుడుచుకున్నాడు. తన వేళ్ళ గురించి ఒక మనిషి నోరు తెరిచి అడిగాడు. పక్కన కూర్చోబెట్టుకుని, టెంక మొలకెత్తడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. చిన్నబాబు కాసేపు ఊ కొట్టాడు. తర్వాత గట్టుకి ఆనుకున్నాడు. ఆ తర్వాత గుర్రు పెట్టాడు.

హరిచరణ్ ఆయనకి నిద్రాభంగం కాకుండా గొంతు తగ్గించి, మిగతాది చివరిదాకా చెప్పాడు.