పక్కన సున్నా ఉన్నవాళ్లు

ఆ రోజు పొద్దున పది గంటలకల్లా తన తెలివి లోకానికి తెలిసిపోవాలని విశ్వేశ్వర్ నిర్ణయించుకున్నాడు. లోకమంటే విమలమ్మ. సిద్దిపేటలో దుబ్బాక దారి మీద లారీలూ ట్రాక్టర్లూ తూచే ధర్మకాంట ఆవిడదే. ములుగులో ఇంకో కాంట తెరుస్తోంది. దానికి మేనేజరెవరో ఆ రోజే వచ్చి చెప్తానంది. ఇందులో చెప్పడానికేముందో విశ్వేశ్వర్‌కు అర్థం కాలేదు. ఉన్నది ముగ్గురే: చిట్టీలు చింపి ఇచ్చే యాదలక్ష్మి, గేటు దగ్గర పెద్దయ్య, అన్నీ తెలిసిన తను.

కాంట గదిలోని కంప్యూటర్ లేవడానికి మూడు నిమిషాలు పట్టేది. ఆ లోపు తన చాయ్ మరుగుతుందని విమలమ్మ ఒకసారి అంది. ఆ మాట పట్టుకుని అతను వారం రోజులు వీడియోలు చూసి జబ్బు కనిపెట్టాడు. కంప్యూటర్ లేవగానే కెర్నెల్ అనే పెద్దమనిషి, మాడ్యూళ్లనే పనివాళ్లను పేరుపేరునా పిలుస్తాడట. అలాంటి పేర్లు ఎనభై పైచిలుకున్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక అంకె. ఆ మాడ్యూల్ మీద ఇంకెన్ని మాడ్యూళ్లు ఆధారపడ్డాయో ఆ అంకె చెప్తుంది. కొన్నింటి పక్కన మూడు, కొన్నింటి పక్కన ఐదు, చాలావాటి పక్కన సున్నా.

సున్నా అంటే ఎవరికీ అక్కర్లేనివాళ్లని అతను తేల్చేశాడు. ఊరికే వచ్చి విస్తరి ముందు కూర్చునే బంధువులన్నమాట. ఏది ఏ పని చేస్తుందో ఒక్కసారి చదువుదామన్న ఆలోచన రాలేదు. పనివాళ్ల పని చూసే అలవాటు అతనికి ముందునుంచీ లేదు. సున్నాలన్నింటినీ ఏరి, ఇకమీదట వీళ్లను పిలవొద్దని చెప్పే ఫైల్లో రాసేశాడు. అదే ఊపులో తెల్లకాగితం తీసి సిబ్బంది జాబితా కూడా వేశాడు. విశ్వేశ్వర్ పక్కన రెండు, యాదలక్ష్మి పక్కన సున్నా, పెద్దయ్య పక్కన సున్నా. సున్నాలు కాంటకు దండగని కింద ఒక సలహా రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి విమలమ్మ ఫోనుకు పంపాడు.

ఎనిమిదిన్నరకు కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. ఇరవై సెకన్లలో లేచింది. విశ్వేశ్వర్ చిటిక వేసి మీసం సవరించుకున్నాడు. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు. ఒక్క అక్షరం పడలేదు. మౌస్ కదిపాడు, బాణం కదల్లేదు. కీబోర్డు మాడ్యూల్ మీద ఇంకే మాడ్యూలూ ఆధారపడదు, దాని మీద ఆధారపడేది మనిషి. మౌస్‌దీ, ప్రింటర్‌దీ, తూకం పెట్టె నుంచి వచ్చే కేబుల్‌దీ అదే కథ. నిజంగా పని చేసేవన్నీ సున్నాలే. ఈ సంగతి తట్టేంత బుర్ర అతనికి ఆ పూట లేదు. కీబోర్డే చచ్చిందనుకున్నాడు.

బయట మొదటి ట్రాక్టర్ పోచయ్యది, నిండా వడ్లు.

"ఏంది సారూ, పావుగంటాయె. తూస్తవా, తూయవా?"

తప్పు తనదని ఒప్పుకునే మాట విశ్వేశ్వర్ నోట పుట్టి ఎరగదు. "హైదరాబాద్‌ల సర్వర్ బంద్ పడ్డది. మన చేతుల లేదు" అన్నాడు.

పోచయ్య ఇంటికి ఫోను చేసి అదే చెప్పాడు. ఊరు దాటేసరికి అది వడ్ల కొనుగోళ్లు బంద్ అవుతున్నాయన్న కబురైంది. పక్క ఊరికి, ఈ రోజే ఆఖరన్న కబురుగా చేరింది. వడ్లున్న ప్రతివాడూ ట్రాక్టరెక్కాడు. తొమ్మిదిన్నరకల్లా వరస బైపాస్ దాకా పాకింది. దుబ్బాక బస్సు ఒకటి మధ్యలో ఇరుక్కుని హారన్ కొడుతూ ఉండిపోయింది.

యాదలక్ష్మి కిటికీలోంచి చూసి మెల్లగా అడిగింది. "తూకం పెట్టె మీద ఎర్రంకెలు కనవడుతనే ఉన్నయి గద సారూ. పాత చిట్టీ బుక్కుల నేను రాసిస్త."

"కంప్యూటర్ పని నీకేం ఎరుక? సప్పుడు చేయక కూసో" అని, విశ్వేశ్వర్ కొత్త కీబోర్డు కోసం బజారుకు బండేసుకుని పోయాడు.

ఒకటి కాదు, రెండు కీబోర్డులు కొని తిరిగొచ్చేసరికి వరస కదులుతోంది. తను ముట్టుకున్నాక ఏదైనా బాగుపడి తీరాల్సిందేనని సంబరపడి లోపలికి వచ్చాడు. కంప్యూటర్ ఇంకా పాస్‌వర్డే అడుగుతోంది. యాదలక్ష్మి ఎర్రంకెలు చూసి చిట్టీ రాస్తోంది, పెద్దయ్య ముద్ర వేసి ఇస్తున్నాడు. విశ్వేశ్వర్ కుర్చీలో విమలమ్మ కూర్చుని ఉంది, కాళ్ల నిండా దుమ్ముతో.

కారు బైపాస్ దగ్గరే ఆగిపోతే, ముప్పై ట్రాక్టర్లను దాటుకుంటూ నడిచి వచ్చిందట. ఒక్కో ట్రాక్టర్ దగ్గర ఒక్కో కథ విన్నదట. విశ్వేశ్వర్ గబగబా ఒక కీబోర్డు తగిలించాడు. అక్షరం పడలేదు. రెండోది తగిలించాడు. అదీ అంతే. అతని చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో మొదటిసారి అతనికి సిగ్గేసింది.

విమలమ్మ ఫోన్లో అతను పంపిన కాగితం తీసింది.

"నీ మీద ఇద్దరు ఆధారపడ్డరని రాసినవ్. నువ్వు లేని గంటసేపు గా ఇద్దరే కాంట నడిపిన్రు."

"అమ్మా, టెక్నికల్‌గ చూస్తే..."

"టెక్నికల్‌గనే చూసిన" అని ఆవిడ పెన్ను అడిగింది. గట్టిగా మాట్లాడలేదు, అతనికి అందుకే భయమేసింది.

ములుగు కాంటకు మేనేజర్ యాదలక్ష్మి. జాబితాను విమలమ్మ తన చేత్తో మళ్లీ రాసి గోడకు అంటించింది. యాదలక్ష్మి పేరు పక్కన ఒకటి ఉంది. ఆ ఒకటి, చిట్టీలు చింపడానికి ఆమెతో వెళ్తున్న విశ్వేశ్వర్. అతని పేరు పక్కన సున్నా ఉంది కాబట్టి, ఇక పని చేయక తప్పదు.